హార్మోను లేని పద్ధతి అడిగితే డాక్టరు తెలియదంటే?

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన విషయం "తల్లీ బిడ్డల సంక్షేమం". అది చాలా పెద్ద విషయం. టీకాల గురించి, రక్తహీనత గురించి ఈ వేదిక మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే వున్నారు. నేను మైకు ముందు ఎవరూ ఎత్తని ఒక్క ముక్క తీసుకొంటాను. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కావాలి. హార్మోను మాత్రలు పడవు, లేదా వద్దు. ఆ సంగతి డాక్టరమ్మతో చెబితే, హార్మోను లేని పద్ధతులు ఆమెకే సరిగా తెలియవు. అప్పుడు మనం ఏం చెయ్యాలి? పరదాకు అటువైపున్న మగవారికి కూడా వినిపించేలా ఒక స్పీకరు అటు తిప్పించమని నేనే అడిగాను. దీనిలో వాళ్ళ వంతూ వుంది.

ముందు ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు, ఊరు అడగవద్దు. ఇరవై మూడేళ్ళు. రెండు కాన్పులూ సిజేరియన్లే. చిన్నవాడికి ఎనిమిదో నెల. మాల మాత్రలు వేసుకొంటే తలనొప్పి, అదీ మామూలు నొప్పి కాదు. నొప్పి రాబోయే ముందు కళ్ళ ఎదుట మెరుపులు మెరిసినట్టుండేది. మానేసి డాక్టరు దగ్గరకు వెళ్ళి, "అమ్మా, హార్మోను లేనిది ఏదైనా ఇవ్వండి" అన్నది. "మాత్రలన్నీ హార్మోనులేనమ్మా. కాపర్-టీ పెడదామంటే నీకు సిజేరియన్ అయింది, కుదరదు. కాన్పప్పుడే ఆపరేషన్ చేసేస్తామంటే మీవాళ్ళే వద్దన్నారు" అని ఆమె పంపించేసింది. ఆ పిల్ల మారు మాట్లాడకుండా ఇంటికి వచ్చింది. అయిదు నెలలకు మళ్ళీ నెల తప్పింది. ఇంట్లో చెప్పటానికి భయపడి, చీటీ లేకుండా మందుల షాపులో గర్భం పోయే బిళ్ళలు తెప్పించుకొని మింగింది. ప్రాణం దక్కింది, అల్హందులిల్లాహ్. కాని రెండు సీసాల రక్తం ఎక్కించవలసి వచ్చింది.

ఆ డాక్టరమ్మ చెప్పిన రెండు మాటలూ సరైనవి కావు. హార్మోను కాని మాత్ర మన దేశంలోనే వుంది. సిజేరియన్ అయినంత మాత్రాన కాపర్-టీ పనికిరాకుండా పోదు. సిజేరియన్ జరుగుతున్నప్పుడే పెట్టటం కూడా వాడుకలో వున్న పద్ధతే. పైపెచ్చు ఆ అమ్మాయి మాత్ర మానటమే మంచిదయింది. మెరుపులతో వచ్చే మైగ్రేన్ వున్నవారికి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు ఇవ్వకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. అంటే పేషెంటు ఒంటికి తెలిసిన సంగతి డాక్టరు అడిగి తెలుసుకోలేదు.

అయితే ఆ డాక్టరు చెడ్డ మనిషి కాదు. నేను ముప్ఫై ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసిన దాన్ని. రాత్రి రెండు గంటలకు లేపినా విసుక్కోకుండా వచ్చే డాక్టరమ్మలను చూశాను. లోపం ఎక్కడుందంటే, మన రాష్ట్రాల అలవాటులో వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవారిలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకొన్నవారే. తెలంగాణలో 60 శాతం పైమాటే. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోపాటే ఆపరేషన్, అంతటితో సరి. నూటికి డెబ్భై మంది ఒకే దారిన పోతుంటే మిగతా దారుల సంగతి డాక్టరుకు మాత్రం ఎలా గుర్తుంటుంది? చదువుకొన్నప్పుడు ఒక పేజీ చదివి వుంటారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అడిగినవారు లేరు.

మనవాళ్ళకు ఇక్కడే చిక్కు. శాశ్వతంగా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌ను, తప్పనిసరి అవసరం వుంటే తప్ప, మన ఆలిములలో చాలామంది ఒప్పుకోరు. 1976లో ఎమర్జెన్సీ రోజుల్లో బలవంతపు ఆపరేషన్లు జరిగినప్పటి భయం కూడా మన ఇళ్ళల్లో తరం మారినా పూర్తిగా పోలేదు. కనుక మన ఆడపిల్ల ఆపరేషన్ వద్దంటుంది. డాక్టరు దాన్ని మొండితనమనుకొంటుంది. ఆ రెంటికీ నడుమ వున్న పద్ధతులు ఇతరులకన్నా మనకే ఎక్కువ అవసరం. మనకు అవసరమైన వాటి గురించే డాక్టర్లకు తక్కువ తెలుసు.

ఎడం పాటించటం దీన్‌లో తప్పా అని అడిగేవారికి క్లుప్తంగా చెబుతాను, నేను ఆలిమాను కాను. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో సహాబాలు అజ్ల్ పాటించేవారని, అంటే వీర్యం లోపల పడకుండా జాగ్రత్తపడేవారని, జాబిర్ (రజి) చెప్పిన హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ వుంది. ఇమాం గజాలీ కూడా దీన్ని చర్చించి, కాన్పు ప్రమాదం నుంచి భార్యను కాపాడుకోవటం, సంతానం ఎక్కువై ఇబ్బంది పాలవుతామన్న భయం వంటి కారణాలకు దోషం లేదన్నారు. భార్య సమ్మతి లేకుండా అజ్ల్ తగదని ఫుఖహాలలో ఎక్కువమంది మాట. పదకొండు పన్నెండు వందల ఏళ్ళ కిందటే మన పెద్దలు భార్య సమ్మతి అన్నారు; అటు కూర్చున్న అన్నదమ్ములు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకొంటే చాలు.

ఇక పద్ధతులు. హార్మోను మాత్రలు విషమని నేను అనటం లేదు. లక్షల మందికి అవి చక్కగా పడతాయి. కాని బి.పి. ఎక్కువున్నవారికి, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర వున్నవారికి, రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి వాటిలో ఈస్ట్రోజన్ కలిసినవి పనికిరావు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి మాత్ర బలం తగ్గిపోతుంది. వేసుకొంటూనే గర్భం రావచ్చు. ఇవేవీ లేకపోయినా, "నాకు వద్దు" అనే హక్కు ఎవరికైనా వుంటుంది.

హార్మోను లేని వాటిలో గట్టిది కాపర్-టీ. 380-ఏ అనే రకం పదేళ్ళు, 375 అనేది అయిదేళ్ళు పనిచేస్తుంది. ఏడాదిలో నూటికి ఒక్కరికన్నా తక్కువ మందికి గర్భం వస్తుంది. దాని మీది రాగి వీర్యకణాలను చెడగొట్టి, గుడ్డుతో కలవకుండా చేస్తుంది. ముఖ్యంగా దాని పని అదే. కాన్పయిన 48 గంటల్లోపు పెట్టించుకోవచ్చు, లేదా ఆరు వారాలు దాటాక. ప్రభుత్వాసుపత్రుల్లో శిక్షణ పొందిన నర్సులు, ఏ.ఎన్.ఎమ్.లు కూడా పెడతారు గనుక మగ డాక్టరున్నాడని ఆగిపోనక్కర్లేదు. మొదటి మూడు నాలుగు నెలలు ముట్టు ఎక్కువగా, నొప్పిగా వుండవచ్చు. రక్తం తక్కువున్నవారు ముందు దాన్ని సరిచేసుకోవాలి. ముట్టు రోజులు పెరిగితే నమాజు సంగతేమిటని చాలామంది అడుగుతారు. హనఫీ ఫిఖ్‌హ్‌లో హైజ్ గరిష్ఠంగా పది రోజులు. పది దాటితే, మీకు అలవాటైన రోజులు పోగా మిగతాది ఇస్తిహాజా కింద లెక్క. అప్పుడు నమాజు మానకూడదు. ఈ లెక్క తెలియక నెలకు పదిహేను రోజులు నమాజు వదిలేసి, ఆ నింద కాపర్-టీ మీద వేసి తీయించుకొన్నవారిని నేనెరుగుదును.

రెండోది, మన డాక్టర్లలో ఎక్కువమంది మరచిపోయేది, ఛాయా మాత్ర. దీని కథ చెప్పుకోదగ్గది. దీని మందు సెంట్‌క్రోమాన్ లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో మన శాస్త్రజ్ఞులు తయారుచేసినది. 1991లో సహేలి పేరుతో బజారుకు వచ్చింది. 2016లో ప్రభుత్వం జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చి, ఛాయా అని పేరు పెట్టి ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టింది. ఇది స్టెరాయిడు హార్మోను కాదు. గుడ్డు విడుదలను ఆపదు; గర్భసంచి లోపలి పొర గర్భం నిలవటానికి అనుకూలంగా లేకుండా చేస్తుంది. ఈ సంగతి దాచకుండా ఎందుకు చెబుతున్నానంటే, కొందరికి దీని మీద ధర్మసందేహం వుంటుంది. వుంటే మీరు నమ్మే ఆలిమును అడిగి నిర్ణయించుకోండి. తెలియకుండా వాడటం, తెలియకుండా వద్దనటం, రెండూ మంచివి కావు.

వాడే తీరు వినండి, దీనిలోనే పొరపాట్లు జరుగుతాయి. ముట్టయిన మొదటి రోజున మొదటి బిళ్ళ. మూడు నెలలపాటు వారానికి రెండు. ఆ తర్వాత వారానికి ఒక్కటే. మొదటిది జుమా నాడు పడిందనుకోండి, మూడు నెలలు ప్రతి శుక్రవారం, ప్రతి సోమవారం. ఆ తర్వాత ఒక్క శుక్రవారమే. రంజాన్‌లో సహరీకో ఇఫ్తార్‌కో వేసుకొంటే సరిపోతుంది. మరచిపోయి వారంలోపు గుర్తొస్తే వెంటనే వేసుకొని, మళ్ళీ ముట్టు వచ్చేదాకా నిరోధ్ కూడా వాడాలి. వారం దాటితే మళ్ళీ మొదటినుంచి, వారానికి రెండు. ముట్టు ఆలస్యం కావచ్చు. పదిహేను రోజులు దాటితే గర్భమేమో పరీక్ష చేయించుకోవాలి. పాలిచ్చే తల్లులు వాడవచ్చు. అండాశయంలో నీటి బుడగలున్నవారు, ఈమధ్య కామెర్లు వచ్చినవారు, కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవారు, క్షయ వున్నవారు వాడకూడదు. కాపర్-టీ అంత గట్టిది కాదు, కాని చేతిలోని పని. ఇంకొక జాగ్రత్త: ఛాయా వేరు, మాల-ఎన్ వేరు, మూడు నెలలకోసారి వేసే అంతరా ఇంజెక్షన్ వేరు. చివరి రెండూ హార్మోనులే. పేరు సరిగా చెప్పకపోతే ఒకటి బదులు ఒకటి చేతిలో పెడతారు.

నిరోధ్ అందరికీ తెలిసిందే, 1968 నుంచి వుంది. మామూలు వాడకంలో ఏడాదికి నూటికి పదమూడు మందికి గర్భం రావచ్చు. ప్రతిసారీ సరిగా వాడితే చాలా తగ్గుతుంది. గల్ఫ్ నుంచి నలభై రోజుల సెలవులో వచ్చే భర్తలున్నవారికి దీన్ని మించిన సులువు లేదు. ఏడాది పొడుగునా ఆమె మాత్రలు మింగే బదులు ఆ నలభై రోజులూ ఆయన జాగ్రత్తపడితే సరిపోతుంది. అజ్ల్ మీదే ఆధారపడితే నూటికి ఇరవై మందికి గర్భం వస్తుంది, అది గుర్తుంచుకోండి.

రోజుల లెక్క పద్ధతి వుంది. ముట్టు తప్పకుండా 26 నుంచి 32 రోజులకు వచ్చేవారు మాత్రమే, ఎనిమిదో రోజు మొదలు పందొమ్మిదో రోజుదాకా దూరంగా వుండాలి. దీనికి 32 పూసల దండ కూడా వున్నది. తెల్లపూసలొస్తే జాగ్రత్త రోజులన్నమాట. మన దేశంలో 1952లోనే ఢిల్లీలోనూ, మైసూరు రాజ్యంలోని రామనగరంలోనూ రంగు పూసలతో ఇలాంటి ప్రయత్నం చేశారు, అంతగా నెగ్గలేదు. (నమాజు తస్‌బీహ్‌తో ఈ లెక్క పెట్టకండి, మనవాళ్ళు పెట్టగల సమర్థులు!) ఇక బిడ్డకు ఆరు నెలలు నిండకముందు, తల్లిపాలు తప్ప వేరేమీ పట్టకుండా, ముట్టు ఇంకా మొదలుకాకపోతే, ఆ పాలే ఎడం కాపాడతాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డాక్టరు "కుదరదు" అన్నప్పుడు ఆ ఒక్క మాటలో మూడు మాటలు దాగి వుండవచ్చు. మీ ఒంటికి పడదని కావచ్చు. మా ఆసుపత్రిలో లేదని కావచ్చు. నాకు దాని సంగతి తెలియదని కావచ్చు. మన ఆడవాళ్ళు మూడింటినీ మొదటిదిగానే తీసుకొని లేచి వచ్చేస్తారు. లేవకుండా, గొంతు పెంచకుండా ఒక్క ప్రశ్న అడగండి: "అమ్మా, ఇది నా ఒంటికి పడదంటారా, ఇక్కడ దొరకదంటారా?" ఒంటికి పడదంటే ఎందుకో అడగండి, ఆ కారణం చీటీ మీద రాయించుకోండి. ఆ కారణం నిజమైనదైతే మీకే మేలు. రేపు ఇంకో డాక్టరుకు చూపటానికి పనికొస్తుంది. దొరకదంటే ఎక్కడ దొరుకుతుందో అడిగి, అక్కడికి రాసిమ్మనండి. రెండింటికీ జవాబు తడబడిందంటే అది మూడోది. అప్పుడు "మీకు తెలియదా?" అని మాత్రం అనకండి. "మీరు ఒకసారి చూసి చెప్పండమ్మా, వచ్చే వారం వస్తాను" అనండి. పెద్దమనిషికి చదువుకొనే వ్యవధి ఇచ్చినట్టుంటుంది, మన పనీ జరుగుతుంది. ఏ జబ్బున్నవారికి ఏ పద్ధతి పనికొస్తుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక వేసి పెట్టింది. గుండ్రటి అట్ట చక్రంగా కూడా అది వుంటుంది. డాక్టర్లకు ఆ చక్రం సంగతి గుర్తుచేస్తే చాలు. సిజేరియన్ అయినవారికే కాదు, ఇంకా పిల్లలు పుట్టనివారికి కూడా కాపర్-టీ పెట్టవచ్చని ఆ పట్టికలోనే వుంది.

వెళ్ళేటప్పుడు చేతులూపుకొంటూ వెళ్ళకండి. గడచిన ఆరు నెలల ముట్టు తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంతకుముందు ఏ మాత్ర పడలేదో, పడనప్పుడు ఏమయిందో రాసుకోండి. వీలైతే ఆ ఖాళీ అట్ట తీసుకువెళ్ళండి. ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు, కాన్పు కాగితాలు కూడా. "హార్మోను లేనిది" అని గాలిలో అడిగేకన్నా "ఛాయా" అనో, "కాపర్-టీ 380" అనో పేరు పెట్టి అడిగితే సగం పని అయినట్టే. కాన్పు తర్వాత కాపర్-టీ కావాలంటే ఏడో నెలలోనే చెప్పి కార్డులో రాయించండి. నొప్పుల గదిలో ఆ మాట ఎవరూ వినరు, వినినా సంతకం పెట్టేవారు బయట టీ కొట్టు దగ్గరుంటారు.

ప్రైవేటు ఆసుపత్రిలో లేదంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పెద్ద డిగ్రీలున్న చోట తెలియని ఛాయా సంగతి మన ఆశా కార్యకర్తకు తెలిసి వుండటం నేను చాలాసార్లు చూశాను. ఆమె సంచిలోనే అది వుంటుంది మరి. ఏ నిర్ణయానికీ రాకుండా ఇంటికి వచ్చేయవలసి వస్తే, ఆ రోజునుంచే నిరోధ్ వాడండి. ఆ నడిమి రోజుల్లో కూడా గర్భం రావచ్చు. ఎప్పుడైనా పొరపాటు జరిగితే అయిదు రోజుల్లోపు కాపర్-టీ పెట్టించుకొన్నా గర్భం ఆగుతుంది. ఇది కూడా హార్మోను లేనిదే, ఇది కూడా చాలామంది డాక్టర్లు చెప్పరు.

విదేశాల్లో వున్న మన అమ్మాయిలకు ఇదే కథ తలకిందులుగా జరుగుతుంది. అమెరికాలో సహేలి మాత్రకు అనుమతి లేదు. అక్కడి డాక్టరుకు ఆ పేరే తెలియదు. ఇక్కడినుంచి తల్లులు పంపిన బిళ్ళల అట్ట చూసి ఇదేమిటని అడుగుతారట. దాచకుండా చూపించాలి, మందు పేరు సెంట్‌క్రోమాన్ అని, అక్కడివారు ఆర్మెలాక్సిఫీన్ అంటారని చెప్పాలి. అక్కడ డయాఫ్రం అనే రబ్బరు మూత దొరుకుతుంది. ఆ పేరు చెబితే ఇక్కడి డాక్టరు బిక్కముఖం వేస్తారు. ఎక్కడి డాక్టరైనా చేతిలో పడిన వాటినే ఎరుగుతారు.

సభకు ముందు కొందరు చీటీలు పంపారు. సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు, మూడింటికి జవాబు చెప్పి ముగిస్తాను.

ఒకరు, కాపర్-టీ లోపల వుంటే గుస్ల్ అవుతుందా అని రాశారు. గుస్ల్‌కు ఒంటి పైభాగమంతా తడవటం ముఖ్యం. గర్భసంచి లోపలికి నీరు చేరాలన్న నియమం లేదు. ఇంకా మనసు ఊరుకోకపోతే మదరసా ఆలిమాను అడగండి.

ఇంకొకరు, "మా ఆయన ఒప్పుకోరు, ఆయనకు తెలియకుండా వేసుకోవచ్చా" అని రాశారు. బేటీ, రహస్యంగా మింగమని నేను ఈ మైకులో చెప్పను, కష్టమైతే కష్టమని అతనికి చెప్పమంటాను. మూడో కాన్పు ఎంత ప్రమాదమో డాక్టరు చేతనే అతనికి చెప్పించు. మొగుణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కతివే లోపలికి వెళ్ళవద్దు. లోపలికి తీసుకువెళ్ళు. తన చెవులతో విన్నవాడు ఇంటికి వచ్చి అమ్మతో కూడా చెప్పగలడు.

చివరి చీటీ ఇది: "మా ఊళ్ళో డాక్టరు ఒక్కరే. రెండో మారు అడిగితే కోపగించుకొన్నారు. రేపు కాన్పుకు ఆమె దగ్గరకే పోవాలి గదా." పేరు రాయలేదు, మంచిదే. ఆమెతో పోట్లాడకమ్మా. కాన్పుకు ఆమె దగ్గరకే వెళ్ళు, దీనికి మాత్రం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళు. ఒకరికి తెలియకుండా ఇంకొకరి దగ్గరకు వెళ్ళటం నేరం కాదు. సోమవారం పొద్దున మా మహిళా విభాగం నుంచి ముగ్గురం ఆరోగ్య కేంద్రానికి వెళుతున్నాం. పది గంటలకు మసీదు వీధి చివర ఆటో దగ్గర వుంటాం. ఎవరూ ఏమీ అడగరు, వచ్చి ఎక్కి కూర్చో. కాన్పు కాగితాలు మాత్రం మరచిపోకుండా తెచ్చుకో.